నత్తకు ఇనుప గొడుగు: హైదరాబాద్ కాప్రాలో ఇంటి పక్కన వ్యాన్‌కు షెడ్డు వేయించాలి, ఎవరి మాట నమ్మాలి?

కాప్రా నత్త

నమస్కారం. ముప్పై ఏళ్లు జూనియర్ కళాశాలలో జంతుశాస్త్రం చెప్పి 2022లో పదవీ విరమణ చేశాను. మరుసటి ఏడాదే మా వారూ నేనూ కలిసి ఒక పాత ట్రావెలర్ వ్యాన్ కొన్నాం. అంతకుముందు యజమాని దానిలో సీట్లన్నీ తీయించి రెండు పడకలు, చిన్న వంటగట్టు, ఫ్రిజ్, మరుగుదొడ్డి పెట్టించుకున్నాడు. ఇల్లు వీపున మోసుకుంటూ నింపాదిగా పోతుంది కాబట్టి నేను దానికి నత్త అని పేరు పెట్టాను. మా వారికి ఆ పేరు నచ్చదు. ఎనభై మీద కూడా పోతుందని ఆయన వాదన. పోతుంది, దిగుడులో.

శ్రీశైలం, హంపి, అనంతగిరి, లంబసింగి తిరిగొచ్చాం. ఎంత తిరిగినా ఏడాదికి నలభై రోజులు మించదు. మిగిలిన రోజులన్నీ నత్త మా ఇంటి తూర్పు పక్క సందులో ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంటుంది. మూడు వేసవులకే దాని వయసు బయటపడింది. పైకప్పు కీళ్లలో పూసిన తెల్లటి సీలెంటు ఎండిన చెరువు అడుగులా నెర్రెలు విచ్చింది. కిటికీ రబ్బర్లను వేలితో రుద్దితే నల్లటి పొడి అంటుతోంది. టైర్లు ఇంకా అరగనే లేదు, పక్కలు మాత్రం సన్నగా పగిలాయి. ఇవన్నీ చూస్తూనే ఉన్నాం, వచ్చే నెల చేద్దాం అనుకుంటూనే ఉన్నాం.

ఏప్రిల్‌లో గాలివానతో పాటు వడగళ్లు పడ్డాయి. రేగుపండంత ఉన్నాయి, అంతకు మించి లేవు. అయినా ఎండకు పెళుసెక్కిన పైకప్పు పంకా మూత మూడు చోట్ల చిట్లింది. మాకు తెలియలేదు. వారం తరువాత తలుపు తీస్తే లోపల తడిసిన కుక్క వాసన. మంచానికి సరిగ్గా పైన, ప్లైవుడ్ మీద, టీ ఒలికినట్టు ఒక మరక. అంచున ముదురు గోధుమ రంగు, లోపల లేత. బొటనవేలితో నొక్కితే ప్లైవుడ్ నానిన అప్పడంలా లోపలికి పోయింది.

మా వారు ఆ రోజే రాణిగంజ్ వెళ్లి నీలం రంగు టార్పాలిన్ తెచ్చి కప్పారు. రాత్రంతా గాలికి టపటపలాడుతూ వీధి మొత్తాన్ని మేల్కొలిపింది. పది రోజుల తరువాత తీసి చూస్తే తాళ్లు బిగించిన అంచుల దగ్గర గరుకు కాగితం పెట్టి తోమినట్టు రంగు లేచిపోయింది. మధ్యలో నిలిచిన నీళ్లలో దోమల పిల్లలు. జంతుశాస్త్రం వాళ్లకు అవి చూడముచ్చటగానే ఉంటాయి, కానీ నా పడక మీద వద్దు.

కాబట్టి షెడ్డు వేయించాలని నిర్ణయించుకున్నాం. ఇంటి గోడ నుంచి ప్రహరీ దాకా సందు వెడల్పు 16 అడుగులు, పొడవు 40. నత్త పొడవు 23 అడుగులు, వెనక సైకిళ్ల కొక్కెంతో 24. వెడల్పు 7. ఎత్తు దగ్గరే చిక్కు వచ్చింది. కాగితాల్లో ఉన్నది, పాత యజమాని చెప్పినది, మా వారు నిచ్చెన ఎక్కి టేపుతో చూసినది మూడూ మూడు రకాలు. చివరికి వేపచెట్టుకూ పోర్టికో స్తంభానికీ మధ్య తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున పురికొస కట్టి, దాని కిందుగా బండిని మెల్లగా పోనిమ్మన్నాను. ముందు భాగం పోయింది, సౌర పలకలు పోయాయి, ఏసీ దగ్గర కొస విల్లులా సాగి టప్పున తెగింది. రెండంగుళాల చొప్పున పెంచుకుంటూ పోతే మూడోసారి, అంటే పది అడుగుల దగ్గర, తాకకుండా జారుకుంది. కాబట్టి నత్త ఎత్తు పది అడుగులే అనుకోండి. సందులోకి ఎన్ని తరగతి గదులు వస్తాయో లెక్కగట్టడం నాకు అలవాటే కానీ, ఇనుము సంగతి తెలియదు.

ముగ్గురు వచ్చి చూసి ధర చెప్పారు. మొదటి అతను ఆరు గుండ్రటి పైపులు, మీద రేకు, నేల గచ్చుకు బోల్టులు అన్నాడు. 95 వేలు, రెండు రోజుల్లో అయిపోతుందట. రెండో అతను చదరపు పైపులు, గుంతలు తీసి కాంక్రీటు అన్నాడు. లక్షా 70 వేలు, రెండు వారాలు. మూడో అతను తెరచాపలాంటి తెల్లటి బట్ట కప్పు బొమ్మ చూపించి 2 లక్షల 10 వేలు అన్నాడు. అది చూడటానికి బాగుంది, పెళ్లి మంటపంలా. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు ఇంకో ఫోటో పంపాడు. అక్కడ ఇలాంటి బళ్లకు ఇనుప షెడ్డును భాగాలుగా లారీలో తెచ్చి మధ్యాహ్నానికల్లా నిలబెట్టి పోతారట.

95 వేలకూ లక్షా 70 వేలకూ మధ్య ఉన్న తేడా నిజంగా ఇనుములో ఉందా, మాటల్లో ఉందా? రేకు కింద ఎంత ఖాళీ వదలాలి? వాలు ఎటు ఇవ్వాలి? ప్రహరీ వైపు ఇస్తే పొరుగువారి వంటింట్లోకి నీళ్లు పోతాయి. వాళ్లతో పాతికేళ్ల స్నేహం, వరలక్ష్మీ వ్రతానికి మొదటి తాంబూలం వాళ్లదే.

మేడ మీది మాట

టార్పాలిన్ తేలేక షెడ్డా? రెండు లక్షలు పెట్టి పాత వ్యాన్‌కు ఇల్లు కట్టడం కన్నా ఆ డబ్బుతో ఏడాదికి నాలుగుసార్లు మంచి హోటల్‌లో దిగవచ్చు కదా.

కాప్రా నత్త

దిగవచ్చు. కానీ హోటల్ కిటికీ తీస్తే రోజూ ఒకే గోడ కనిపిస్తుంది. టార్పాలిన్ సంగతి పైన రాశాను, మీరు అక్కడి దాకా చదవలేదనుకుంటాను.

చర్లపల్లి రేకులు

అమ్మా, నేను చర్లపల్లిలో ఇరవై రెండేళ్లుగా షెడ్లు వేస్తున్నాను. మీ పని నాకు వద్దు, ఈ ఎండలో చేతిలో ఉన్నవే ఎక్కువ. కాబట్టి నా మాట నమ్మవచ్చు.

తేడా ఇనుములోనే ఉంది. అయితే ఎక్కువ ధర చెప్పినవాడు ఎక్కువ ఇనుము పెడతాడని కాదు, అక్కడ కూడా చూసుకోవాలి. ఏ పైపు అని అడగండి, దాని గోడ మందం ఎంత అని అడగండి. 75 మిల్లీమీటర్ల చదరపు పైపు గోడ 3.2 మిల్లీమీటర్లు ఉంటే మీటరుకు ఏడు కిలోల దాకా తూగుతుంది. అదే పైపు 2 మిల్లీమీటర్లదైతే నాలుగున్నర కిలోలు. పైనుంచి చూస్తే రెండూ ఒకటే, రంగు వేశాక దేవుడు కూడా చెప్పలేడు. కాబట్టి సామాను దిగిన రోజునే, రంగు వేయకముందే, ఒక మీటరు ముక్క కోయించి తూకం వేయించండి. మీ వీధిలో పాత సామాను కొనేవాడి కాటా చాలు. ఈ మాట ముందే చెప్పి ఉంచితే సగం మోసం అక్కడే ఆగిపోతుంది.

రేకు విషయంలోనూ ఇదే. 0.50 మిల్లీమీటర్లు అంటారు, అది పూతా రంగూ కలిపి. లోపల ఇనుము 0.45 దాకానే ఉంటుంది. మీ మొదటి అతను ఎంత చెప్పాడో రాయలేదు. 0.35 అయితే వద్దమ్మా, కోతులు గెంతితే సొట్టలు పడతాయి. మీ వైపు కోతులు ఉన్నాయి కదా. రేకు గాల్వాల్యూమ్‌ది తీసుకోండి. దాని పూతలో 55 శాతం అల్యూమినియం, మిగతాది చాలావరకు జింకు, తుప్పుకు బాగా ఓరుస్తుంది. ఒక్కటే జాగ్రత్త, పచ్చి సిమెంటు దానికి పడదు. గోడకు ఆనించి సిమెంటు పూయనివ్వకండి.

స్క్రూలు రేకు గట్టు మీద వేయాలి, గాడిలో కాదు. గాడిలో నీళ్లు పారుతాయి, రబ్బరు వాషరు అరిగిన రోజు మళ్లీ మీ ప్లైవుడ్ మీద టీ మరకే. స్క్రూను రబ్బరు నలిగిపోయేలా బిగించకూడదు, వదులుగానూ ఉంచకూడదు. రంధ్రాలు చేసినప్పుడు రాలిన ఇనుప రజను సాయంత్రమే చీపురుతో ఊడ్పించండి. వదిలేస్తే మొదటి వానకు రేకంతా తట్టు పోసినట్టు ఎర్ర చుక్కలు తేలుతాయి.

వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది. అక్కడ జింకు పెయింటు రెండుసార్లు పూయాలి, ఉత్త ఎర్ర ప్రైమర్ కాదు. స్తంభాల పై నోళ్లు మూయించండి. మూయకపోతే లోపల నీరు చేరి కింద నుంచి తింటుంది, పైకి కొత్తగానే కనిపిస్తుంది. అడుగు పలక గచ్చుతో సమానంగా వద్దు, ఆరంగుళాల కాంక్రీటు దిమ్మె మీద ఉండాలి.

పాత ఇంజినీరు

టీచరు గారూ, మేస్త్రి గారు చెప్పినవన్నీ సరైనవే. కానీ ఆయన ఇనుము వైపు నుంచి చెప్పారు, నేను గాలి వైపు నుంచి చెబుతాను.

నాలుగు పక్కలా గోడలు లేని షెడ్డు కూలిపోదు, లేచిపోతుంది. అందరూ రేకు బరువును స్తంభాలు మోస్తాయా అని చూస్తారు. ఆ బరువు ఎంతని? మీ షెడ్డు 12 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు అనుకుందాం, అంటే సుమారు 31 చదరపు మీటర్లు. మేస్త్రి గారు చెప్పిన పైపులతో వేస్తే మొత్తం 700 కిలోలు ఉంటుంది. గాలి సంగతి చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం హైదరాబాద్‌కు లెక్కలోకి తీసుకోవలసిన మూల గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. రోజూ వీచేది కాదు, ఎన్నో ఏళ్లకు ఒకసారి ఒక్క విసురుగా వచ్చేది. ఇళ్ల మధ్య కాబట్టి కొంత తగ్గించుకున్నా చదరపు మీటరుకు 100 కిలోల దగ్గర ఒత్తిడి వస్తుంది. కప్పు ఆకారాన్ని బట్టి ఇది మారుతుంది. మోటు లెక్కకు ఇదే పైకి ఎత్తే బలం అనుకుంటే 3,100 కిలోలు. 700 కిలోల వస్తువును 3,100 కిలోల చెయ్యి పైకి లాగుతోందన్న మాట. మీది ఇంటి గోడకూ ప్రహరీకీ మధ్య సందు, గాలి అక్కడ ఇంకా ఇరుక్కుని తోసుకొస్తుంది.

భద్రత కోసం గాలిని ఒకటిన్నర రెట్లు చేసి, బరువును కాస్త తగ్గించి చూస్తే మిగిలేది నాలుగు టన్నులు. ఆరు స్తంభాలైతే ఇది ఆరు భాగాలుగా సమానంగా పంచబడదు. మధ్య రెండింటి మీదే వెయ్యేసి కిలోలు పడతాయి. ఎనిమిది పెడితే మధ్యవాటి మీద 670 కిలోలకు దిగుతుంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, మూడడుగుల లోతు కాంక్రీటు దిమ్మె 815 కిలోలు తూగుతుంది. కాబట్టి ఎనిమిది స్తంభాలు, ఎనిమిది దిమ్మెలు. మీ మొదటి అతను చెప్పిన గచ్చు నాలుగంగుళాల మందం ఉంటుంది. దానికి బోల్టు బిగిస్తే గాలి షెడ్డుతో పాటు గచ్చు పెచ్చును కూడా తీసుకుపోతుంది. ఆ 75 వేల తేడా భూమిలో ఉంది, కనిపించదు.

ఇది కాగితం మీద మోటు లెక్క మాత్రమే. ఎవరైనా స్ట్రక్చరల్ ఇంజినీరుకు స్థలం చూపించి గీయించుకోండి, ఒక టైరు ధర కూడా కాదు.

వాలు ప్రహరీ వైపు వద్దు, ఇంటి వైపే ఇవ్వండి, అడుగుకు అంగుళం పైచిలుకు. ఇంటి గోడకు రెండడుగులు ఎడంగా గట్టర్ పెట్టి ఇంకుడు గుంతలోకి దించండి. గట్టర్‌ను చిన్నది పెట్టవద్దు. 31 చదరపు మీటర్ల మీద ఒక సెంటీమీటరు వాన పడితే 310 లీటర్లు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు పడింది. అంటే మీ ఒక్క రేకు మీది నుంచే 7,400 లీటర్లు.

ప్రహరీకి ఆనించి కట్టినా, ఇంటి చుట్టూ వదలవలసిన ఖాళీని కప్పేసినా నగరపాలక సంస్థ అభ్యంతరం చెప్పవచ్చు. 2012 నాటి జీవో 168లో ఆ ఖాళీల నియమాలు ఉన్నాయి. పని మొదలుపెట్టకముందే మీ ఇంటి ప్లాను పట్టుకుని వార్డు కార్యాలయంలో అడగండి. పైన 11 కేవీ, అంటే 11 వేల వోల్టుల, కరెంటు తీగ పోతోందా చూడండి. నిలువుగా 3.7 మీటర్లు, పక్కకు 1.2 మీటర్లు ఎడం ఉండాలి. షెడ్డుకు ఎర్తింగ్ మరిచిపోవద్దు.

డల్లాస్ తమ్ముడు

టీచర్ గారూ, మీ చెల్లెలి కొడుకు చెప్పింది నిజమే. నేను ఇక్కడ మూడేళ్ల క్రితం మా పెద్ద బండికి అలాంటిదే వేయించాను. మధ్యాహ్నానికి నిలబెట్టారు. కానీ వాళ్లు రాకముందు నేల చదును చేసి కాంక్రీటు పోయించడానికి నాకు నెల పట్టింది. ఆ నెల ఫోటోలో ఉండదు.

ఇక్కడివి అక్కడికి తెప్పించుకోవడం దండగ. కొన్ని ఆలోచనలు మాత్రం తీసుకోవచ్చు. ఇక్కడ పైపును గేజిలో అమ్ముతారు, 14 గేజి, 12 గేజి అని. అంకె తగ్గితే మందం పెరుగుతుంది. 14 అంటే 1.9 మిల్లీమీటర్లు, 12 అంటే 2.7 దాకా. నేను మొదట తలకిందులుగా అర్థం చేసుకుని పద్నాలుగే మంచిదనుకున్నాను, నవ్వకండి. కప్పు మూడు రకాలు. అంచులు గుండ్రంగా వంగిన చవక రకం, రెండు వైపులా వాలిన ఇంటి కప్పు రకం, అందులోనే రేకు గాడులు నిలువుగా కిందికి దిగే రకం. మూడోదాంట్లో ఆకులూ నీళ్లూ నిలవవు. చెట్టు కింద ఉన్నవాళ్లకు అదే మంచిది. మీ వేపచెట్టు సంగతి చదివాను. మీరు ఒక వైపే వాలు ఇస్తున్నారు కాబట్టి గాడులు వాలు వెంబడి ఉండేలా చూసుకోండి చాలు.

ఇంకొక్కటి, నా తప్పు. బండి పట్టేంత వెడల్పే చూశాను, తలుపు తెరుచుకునే వెడల్పు చూడలేదు. మెట్టు బయటికి వస్తుంది, తలుపు స్తంభానికి కొట్టుకుంటుంది. ఇప్పుడు నేను బండిని రెండడుగులు ముందుకు జరిపి లోపలికి ఎక్కుతాను, మళ్లీ వెనక్కి జరుపుతాను. స్తంభాల గుర్తులు వేసే రోజున బండిని అక్కడ నిలబెట్టి అన్ని తలుపులూ తెరిచి చూడండి.

శంకర్‌పల్లి సంచారి

అక్కా, మా బండి మీ బండికి తమ్ముడు. షెడ్డు వేసి రెండేళ్లయింది. ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. బండి పైన సౌర పలకలు ఉన్నాయన్నారు కదా. షెడ్డు కిందికి వెళ్లిన రోజు నుంచి వాటికి చీకటే. లోపల ఫ్రిజ్ ఆపినా చిన్న చిన్న మీటర్లు, దీపాలు కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. నేను ఐదు వారాల తరువాత తాళం తిప్పితే 12 వోల్టుల బ్యాటరీ పదిన్నర చూపించింది. రెండు బ్యాటరీలు పోయాయి. వాటి ధరతో ఇంకో రెండు స్తంభాలు వేసేవాణ్ణి. షెడ్డు స్తంభానికి ఒక ప్లగ్గు పెట్టించుకోండి, లేదా రేకు మీద చిన్న పలక ఒకటి బిగించి తీగ కిందికి దించుకోండి.

రెండోది ఎలుకలు. నీడా నిశ్శబ్దమూ దొరికితే వాటికి అంతకన్నా ఏం కావాలి? మాకు వైపరు తీగ కొరికేశాయి. వారానికి ఒకసారి ఇంజను ఆన్ చేసి బండిని కదిలించండి, టైర్లకూ మంచిది.

కాప్రా నత్త

ఇంత మంది ఇంత ఓపికగా రాస్తారని అనుకోలేదు. ఎనిమిది స్తంభాల లెక్కను కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాను. మొదటి అతనికి ఫోన్ చేసి గాలి కింద నుంచి ఎత్తితే ఏమవుతుందని అడిగితే, ఇన్నేళ్లలో ఏదీ ఎగరలేదు మేడమ్ అన్నాడు. ఎగిరినవాళ్లు మళ్లీ అతనికి ఫోన్ చేసి ఉండరని నాకు అనుమానం. వార్డు కార్యాలయానికి వెళ్తున్నాను. అయ్యాక చెబుతాను.

కాప్రా నత్త

మూడు నెలలైంది, చెబుతానన్న మాట మిగిలిపోయింది. షెడ్డు నిలబడింది.

కార్యాలయంలో ప్లాను చూసి ప్రహరీకి ఆనకుండా, తీసేయడానికి వీలుగా బోల్టులతో వేసుకోమన్నారు. అందుకని వెల్డింగ్ తగ్గించి స్తంభాలకూ పై దూలాలకూ బోల్టు కీళ్లు పెట్టించాం. పని రెండో అతనికే ఇచ్చాం. ఇంజినీరు ఒకరు వచ్చి గీసిచ్చారు, ఎనిమిది స్తంభాలే అన్నారు.

గుంతలు తీసే రోజు తమాషా మొదలైంది. మొదటి రెండూ మెత్తగా దిగాయి. మూడోది రెండడుగులు దిగేసరికి గునపం ఖంగుమంది. బండ! హైదరాబాద్‌లో ఇల్లు కట్టినవాళ్లు ఎవరూ దీనికి ఆశ్చర్యపోరు. నేను మాత్రం పాతికేళ్లుగా మల్లెతీగ పెంచిన చోట అడుగున అంత గ్రానైట్ పడుకుని ఉందని ఆశ్చర్యపోయాను. నాలుగోదానికీ అదే. పనివాళ్లు ఇక్కడికి చాలు మేడమ్, బండ కన్నా గట్టిది ఏముంది అన్నారు. నాకు పాత ఇంజినీరు గారి లెక్క గుర్తొచ్చింది. బండ గట్టిదే, కానీ దిమ్మె దాన్ని పట్టుకోదు కదా, పైన కూర్చుంటుంది. లోతు తగ్గితే బరువు తగ్గుతుంది. మా ఇంజినీరుకు ఫోన్ చేస్తే బండలోకి రంధ్రాలు వేయించి, ఊది శుభ్రం చేయించి, ఇనుప చువ్వలను రసాయనపు జిగురుతో దింపి, ఆ చువ్వల మీద కాంక్రీటు పోయించారు. దానికి విడిగా 14 వేలు. ఆరో గుంతలో మా వంటింటి మురుగు గొట్టం తగిలింది. ఆ స్తంభాన్ని అడుగున్నర జరిపాం. నిలబడి చూస్తే వరుస కొంచెం వంకరగా కనిపిస్తుంది. మా వారికి రోజూ కనిపిస్తుంది, నాకు కనిపించదు.

తూకం సంగతి. సామాను దిగిన రోజు ఒక మీటరు ముక్క కోయించి వీధి చివర పాత సామాను కొట్టుకు నేనే పట్టుకెళ్లాను. ఐదు కిలోల వంద గ్రాములు. ఏడు రావాలి. కొట్టు అబ్బాయి అమ్ముతారా మేడమ్ అని అడిగాడు. మా అతనికి ఆ చీటీ చూపిస్తే గోదాములో కలిసిపోయాయమ్మా అన్నాడు, ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు. సాయంత్రానికి వేరే పైపులు వచ్చాయి. అవి ఆరు కిలోల తొమ్మిది వందల గ్రాములు తూగాయి. మేస్త్రి గారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

రేకు కింది అంచు పదకొండున్నర అడుగులు, పై అంచు పన్నెండున్నర దాటింది. అంత ఎత్తు ఎందుకని అందరూ అడిగారు. ఏసీ మీద ఒకటిన్నర అడుగు ఖాళీ ఉంటే మా వారు నిచ్చెన ఎక్కి సీలెంటు పూయగలుగుతున్నారు, వేడి కూడా కింద నిలవదు. ఎండాకాలం ఆఖర్లో ఆరుబయట ఉన్నప్పుడు మధ్యాహ్నం రెండింటికి బండి లోపల ప్రయోగశాల థర్మామీటరు 50 డిగ్రీలు చూపించింది. షెడ్డు వేశాక ఒక ఎండ రోజు అదే వేళకు 39. రెండూ ఒకే రోజు కావు కాబట్టి దీన్ని ప్రయోగం అనలేను, నా విద్యార్థి రాస్తే మార్కులు తీసేసేదాన్ని. కానీ లోపల కూర్చోగలుగుతున్నాను.

డల్లాస్ తమ్ముడి మాట విని గుర్తులు వేసే రోజు తలుపులన్నీ తెరిచి చూశాం. వంటగట్టు వైపు పక్క తలుపు సరిగ్గా మూడో స్తంభానికి తగిలేది. నాలుగడుగులు వెనక్కి నిలిపితే సరిపోయింది. శంకర్‌పల్లి తమ్ముడి మాట విని ఏడో స్తంభానికి ప్లగ్గు పెట్టించాను. బ్యాటరీ 13 పైనే ఉంటోంది.

మొత్తం 2 లక్షల 6 వేలు అయింది. మొదట చెప్పిన లక్షా 70 వేలు ఎక్కడ దాటిందో లెక్క ఉంది: ఇంజినీరుకు, బండకు, పెద్ద గట్టర్‌కు, బోల్టు కీళ్లకు. ఒక ముప్పైరెండు వందలు మాత్రం ఎటు పోయాయో తెలియదు, టీలకు అయి ఉంటాయి.

ఒక చిక్కు మిగిలింది. గట్టర్ నిండా వేపాకు. వారానికే గొంతు మూసుకుపోయింది, మొన్న వానకు నీళ్లు ఇంటి గోడ మీదికి పొర్లాయి. గట్టర్ మీద జాలీ వేయించమని పనివాడు అంటున్నాడు. ఎవరైనా వాడారా? వేపాకు సన్నగా ఉంటుంది, ఏ కన్ను జాలీ పనికొస్తుంది?

చర్లపల్లి రేకులు

జాలీ వద్దమ్మా. వేపాకు దాని మీద పరుచుకుని చాపలా అతుక్కుంటుంది, నీళ్లు దాని మీది నుంచే దూకుతాయి. గట్టర్ గొంతు దగ్గర గుమ్మటంలాంటి తీగ బుట్ట ఒకటి దొరుకుతుంది, అది పెట్టించండి. ఇక ఆకు రాలే కాలంలో వారానికోసారి సార్‌ను నిచ్చెన ఎక్కించండి.

కాప్రా నత్త

ఎక్కారు. వంకర వరుస పైనుంచి ఇంకా బాగా కనిపిస్తోందట.